గుడ్ల పెట్టలకు ప్రోటీన్ మేత: నూకలు, తవుడుతో సరిపెట్టకుండా ఏం కలపాలి, ఎంత కలపాలి

విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో పెరటి కోళ్లు ఆకలితో ఉండడం అరుదు. పొద్దున్న గుప్పెడు నూకలు, మధ్యాహ్నం మిగిలిన అన్నం, సాయంత్రం గంజిలో కలిపిన తవుడు ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది. కళ్లాల రోజుల్లో రాలిన ధాన్యం సరేసరి. అయినా గుడ్లు తగ్గిపోతాయి, చిన్నవవుతాయి, ఒక్కోసారి తోలుగుడ్లు, అంటే గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు, పడతాయి. అప్పుడు ఎవరో చెప్పారని ఒక టానిక్ సీసా కొంటారు, లేకపోతే పసుపు, వెల్లుల్లి దంచి పెట్టడం మొదలుపెడతారు.

పసుపు, వెల్లుల్లి చెడ్డవని నేను అనను. వాటి పాళ్లు కింద చెబుతాను. కానీ నేను చూసిన చాలా ఇళ్లలో అసలు లోటు ప్రోటీన్ దగ్గర ఉంది. పెట్ట కడుపు నిండుతోంది, గుడ్డు తయారు కావడానికి కావలసిన సరుకు మాత్రం లోపలికి వెళ్లడం లేదు. ఆ లోటు తీర్చకుండా ఎన్ని ఆకులు, పొడులు పెట్టినా డబ్బు, ఓపిక రెండూ వృథా. ముందు ప్రోటీన్, తర్వాత కాల్షియం, ఆ తర్వాతే మిగతా దినుసులు. ఈ వ్యాసం కూడా అదే వరుసలో నడుస్తుంది.

ముందు లెక్క చూసుకోండి

ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. తిన్న ప్రోటీన్ అంతా గుడ్డులోకి పోదు. ఒళ్లు నిలబెట్టుకోవడానికి, ఈకలకు కొంత పోతుంది, కొంత అరగకుండా రెట్టలో పోతుంది. అందుకే బాగా గుడ్లు పెట్టే పెట్టకు రోజుకు 16 నుంచి 17 గ్రాముల ప్రోటీన్ కావాలి. పెట్ట రోజుకు తినేది 100 నుంచి 110 గ్రాములు. అంటే మేతలో దాదాపు 16 శాతం ప్రోటీన్ ఉండాలి.

ఇప్పుడు మనం వేసేది చూడండి. నూకల్లో ప్రోటీన్ 8 శాతం, మొక్కజొన్నలో 9, తవుడులో 12 దాకా. చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు) కూడా ధాన్యాలే, 7 నుంచి 11 శాతం మధ్య ఉంటాయి. వంద గ్రాముల నూకలు తిన్న పెట్టకు అందేది 8 గ్రాములే. మిగతాది అది పురుగుల్లోనో, పచ్చి ఆకుల్లోనో వెతుక్కోవాలి. దొరక్కపోతే కొన్నాళ్లు ఒంట్లోంచి తీసి గుడ్డు పెడుతుంది, తర్వాత ఆపేస్తుంది.

శాతం ఒక్కటే చూసినా సరిపోదు. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల కూర్పు. గుడ్ల పెట్టకు ముందుగా తక్కువపడేది మెథియోనిన్, దాని తర్వాత లైసిన్. నూనె తీశాక మిగిలే నువ్వుల చెక్కలో మెథియోనిన్ బాగా ఉంటుంది, లైసిన్ తక్కువ. సోయా, పప్పుధాన్యాల్లో లైసిన్ ఎక్కువ, మెథియోనిన్ తక్కువ. మనం అన్నంలో పప్పు కలుపుకున్నట్టు, ఈ రెండు రకాలూ కలిపి పెడితేనే పెట్టకు పనికొస్తుంది. ఒకే చెక్క ఎంత ఎక్కువ వేసినా, తక్కువైన అమైనో ఆమ్లం దగ్గరే గుడ్డు ఆగిపోతుంది. ఎండు చేపలో ఈ రెండూ ఉంటాయి, అందుకే కొంచెం కలిపినా తేడా కనిపిస్తుంది.

మీ పెట్ట ఏ రకం, ఎంత తిరుగుతుంది

నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది. ఒక విడతలో పది పన్నెండు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. పొదుగుకు వచ్చిన పెట్ట గుడ్లు ఆపడం దాని స్వభావం, మేత లోపం కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ మాత్రం ఏడాదికి 200 దాటి పెట్టగలదు. అదే సంస్థ వనరాజా గుడ్లకూ మాంసానికీ పనికొచ్చే రకం, గుడ్లలో గ్రామప్రియ కంటే తక్కువ. గ్రామప్రియను తెచ్చి నాటు పెట్టకు వేసినట్టు నూకలు వేసి, గుడ్లు రాలేదని బాధపడేవాళ్లు చాలామంది. ఎక్కువ గుడ్లు పెట్టే పెట్ట ఎక్కువ అడుగుతుంది.

పొలం గట్లు, పెంటకుప్ప, తోట దొరికి పగలంతా తిరిగే పెట్టకు చేత్తో 50 నుంచి 60 గ్రాముల మంచి మేత వేస్తే చాలు. ఇరుకు పెరట్లో, దొడ్డి గోడల మధ్య ఉండేవాటికి, వలలో కట్టేసినవాటికి పూర్తిగా 100 నుంచి 110 గ్రాములు వేయాలి. ఎంత తిరుగుతాయో నిజాయితీగా చూసుకోండి. వీధిలో తిరిగే కోడికి మట్టి దొరికినంత తేలిగ్గా పురుగులు దొరకవు.

మన దగ్గర దొరికే ప్రోటీన్ సరుకు

గానుగ ఆడే చోట దొరికే నువ్వుల చెక్క, మనం తెలగపిండి అనేది, 35 నుంచి 40 శాతం ప్రోటీన్ ఉన్న సరుకు. వేరుశనగ చెక్కలో 40 నుంచి 45 ఉంటుంది. ఉద్దానంలో కొబ్బరి చెక్క సులువుగా వస్తుంది, కానీ దానిలో 20 శాతమే, పీచు కూడా ఎక్కువ. పశువులకు బాగుంటుంది, పెట్టలకు కిలో మేతలో 50 గ్రాములు దాటొద్దు. దాణా కొట్లలో దొరికే సోయా చెక్కలో 45 శాతం ఉంటుంది. సోయా గింజలు పచ్చివి ఎప్పుడూ వేయకూడదు. వాటిలో ప్రోటీన్ అరగనివ్వని పదార్థం ఉంటుంది, వేడి తగిలితేనే అది పోతుంది. ఉలవలు, పుచ్చు మినుములు, పెసలు వేయాలన్నా వేయించో, ఉడికించో వేయండి.

వేరుశనగ చెక్క గురించి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్నల్లో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. మేతలో అది కిలోకు 20 మైక్రోగ్రాములు మించకూడదు, అంటే వంద కోట్లకు 20 పాళ్లు. అది కంటికి కనిపించదు. వేయించినా, ఎండబెట్టినా, ఉడికించినా పూర్తిగా పోదు. పెట్ట కాలేయం దెబ్బతింటుంది, గుడ్లు పడిపోతాయి, టీకా వేసినా సరిగా పనిచేయదు. ముక్కిన వాసన, ఆకుపచ్చ, నల్ల మచ్చలు ఉన్న చెక్కను "కోళ్లకే కదా" అని కొనొద్దు. వానాకాలంలో వేరుశనగ చెక్క మానేసి నువ్వుల చెక్క, సోయాతో నడపడం నా సలహా.

ఎండు చేపలు ఈ రెండు జిల్లాలకు సముద్రం ఇచ్చిన వరం. కళింగపట్నం, భావనపాడు వైపూ, విజయనగరం తీరంలో కోనాడ, చింతపల్లి వైపూ చిన్న నెత్తళ్లు, కవ్వళ్లు ఎండబెడతారు. సంతల్లో తలలు, ముక్కలు, పొడి విడిగా తక్కువ ధరకు ఇస్తారు. ప్రోటీన్ 45 నుంచి 55 శాతం ఉంటుంది. అయితే ఉప్పు చూసుకోవాలి. మేతలో మొత్తం ఉప్పు అర శాతం దాటకూడదు. ఉప్పు ఎక్కువైతే కోళ్లు అదే పనిగా నీళ్లు తాగుతాయి, రెట్ట నీళ్లలా పోతుంది, చిన్న పిల్లలు చచ్చిపోతాయి కూడా. ఉప్పు వేయకుండా ఇసుక మీద ఎండబెట్టినవి అడగండి, ఇసుక దులపండి. ఉప్పు చేపే దొరికితే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఎండబెట్టి దంచండి. కిలో మేతలో 50 గ్రాములు చాలు. అంతకు మించితే, లేదా ముక్కిన చేప వేస్తే, గుడ్డుకు నీచు వాసన వస్తుంది.

రొయ్య తలలు, పొట్టు ఎండబెట్టి పొడి చేస్తే అదీ ప్రోటీనే, కొంత కాల్షియం కూడా. కానీ అందులో పెంకు భాగం కోడికి సరిగా అరగదు, కాబట్టి చేపకు సమానం అనుకోవద్దు. చెరువు నత్తలు దొరికే ఊళ్లలో ఉడికించి, మాంసం తీసి, ముక్కలు చేసి వేయొచ్చు. పచ్చివి వేస్తే లోపలి పరాన్నజీవులు కోడికి అంటుతాయి.

వేయకూడనివి కూడా చెప్పాలి. ఎరువుల కొట్లో దొరికే ఆముదం చెక్క విషం. పత్తి చెక్కలో ఉండే గాసిపోల్ వల్ల నిల్వ ఉంచిన గుడ్ల సొన ఆకుపచ్చగా మారుతుంది. పలాస వైపు జీడిపప్పు పొట్టు, తునకలు చౌకగా దొరుకుతాయి. తునకలు కొద్దిగా వేయొచ్చు, కానీ జీడి గింజ పైపెంకులో నూనె ఒంటిని కాల్చేది, అది ఒక్క ముక్క కూడా మేతలో కలవకూడదు. సుబాబుల్ ఆకు పెట్టొద్దు.

పది కిలోల మేత కలపడం

ఇది గ్రామప్రియ లాంటి పెట్టలకు, 5 నెలలు నిండి గుడ్లు మొదలైన తర్వాత వాడే పాళ్లు:

- మొక్కజొన్న రవ్వ: 5 కిలోల 300 గ్రాములు
- తాజా తవుడు: 1 కిలో 200 గ్రాములు
- సోయా చెక్క: 1 కిలో
- నువ్వుల చెక్క: 800 గ్రాములు
- ఉప్పు లేని ఎండు చేప పొడి: 500 గ్రాములు
- నీడలో ఎండిన మునగాకు పొడి: 200 గ్రాములు
- గుల్ల రవ్వ (నలగ్గొట్టిన సముద్రపు గుల్లలు): 950 గ్రాములు
- కోళ్ల ఖనిజ, విటమిన్ల మిశ్రమం, కొద్దిగా ఉప్పు కలిపి: 50 గ్రాములు (ఇందులో ఉప్పు 20 గ్రాములు, చేపలో ఉప్పు మిగిలి ఉంటే అదీ మానేయండి)

ఈ పాళ్లకు ప్రోటీన్ దాదాపు 16.75 శాతం వస్తుంది. మీ దగ్గర దొరికేది వేరైతే లెక్క మళ్లీ వేసుకోవడం కష్టం కాదు. ఒక్కో సరుకు గ్రాములను దాని శాతంతో గుణించి వందతో భాగించండి, అన్నీ కూడి మొత్తం బరువుతో భాగించి వందతో గుణించండి. మొక్కజొన్న 5,300 గ్రాములను 9తో గుణించి వందతో భాగిస్తే 477. తవుడు 144, సోయా 450, నువ్వులు 304, చేప 250, మునగాకు 50. కూడితే 1,675. పది వేల గ్రాములకు 1,675 అంటే 16.75 శాతం. చేప దొరకని నెలలో దాని బదులు సోయా 500 గ్రాములు పెంచితే ప్రోటీన్ దాదాపు అంతే ఉంటుంది, మెథియోనిన్ కొంచెం తగ్గుతుంది. అప్పుడు నువ్వుల చెక్కను 100 గ్రాములు పెంచి, ఆ మేరకు తవుడు తగ్గించండి.

కలిపే తీరు: మొక్కజొన్నను పిండి మిల్లులో రవ్వలా ఆడించండి, మెత్తటి పిండి కోడి ముక్కుకు అంటుకుని వృథా అవుతుంది. చెక్కలు దంచి జల్లెడ పట్టండి. ఖనిజ మిశ్రమం లాంటి కొద్ది సరుకును ముందు కిలో తవుడులో బాగా కలిపి, తర్వాత ఆ తవుడును మొత్తంలో కలపండి. అలా చేయకపోతే ఒక పెట్టకు ఎక్కువ, మరో దానికి సున్నా పడుతుంది. బయట తిరిగే పది పెట్టలకు రోజుకు 600 గ్రాములు వేస్తే ఈ పది కిలోలు పదహారు రోజులు వస్తాయి. అంతకంటే ఎక్కువ కలిపి పెట్టొద్దు. తవుడులో నూనె ఉంటుంది, రెండు మూడు వారాలకే ముక్కిపోతుంది.

గింజలు కావాలంటే సాయంత్రం వేయండి, కలిపిన మేత పొద్దున్న. పొద్దున్న నూకలు తిని కడుపు నింపుకున్న పెట్ట మంచి మేత ముట్టదు. ఈ ఒక్క మార్పుతోనే ఖర్చు లేకుండా తేడా వస్తుంది.

ఐదు నెలలు నిండని పిల్లలకు ఈ మేత పెట్టొద్దు. ఇంత కాల్షియం వాటి మూత్రపిండాలను పాడు చేస్తుంది. అందరినీ కలిపి పెంచే ఇంట్లో మేత నుంచి గుల్ల తీసేసి, దాన్ని విడిగా ఒక చిప్పలో పెట్టండి.

పెంకుకు కాల్షియం

గుడ్డు పెంకు బరువు 5, 6 గ్రాములు, అందులో కాల్షియం 2 గ్రాములకు పైగా. ఆహారంలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉండాలి. గుల్ల రవ్వలో 36 నుంచి 38 శాతం కాల్షియం ఉంటుంది. సముద్రపు గుల్లలు కడిగి, ఎండబెట్టి, నలగ్గొట్టి వాడొచ్చు. పొడిలా కాక, బియ్యపు గింజంత రవ్వగా ఉండాలి. పెంకు రాత్రి పూట తయారవుతుంది, రవ్వ కోడి కడుపులో రాత్రంతా నెమ్మదిగా కరుగుతుంది. సాయంత్రం ఒక చిప్పలో విడిగా పెడితే ఏ పెట్టకు ఎంత కావాలో అది తింటుంది. నాటు పెట్ట గుడ్లు పెట్టని రోజుల్లో తక్కువ, పెట్టే రోజుల్లో ఎక్కువ తింటుంది. తిరిగే పెట్టలకు మీరు 50, 60 గ్రాములే వేస్తున్నారు కదా, మేతలో కలిపిన గుల్ల ఒక్కటే సరిపోదు, చిప్ప తప్పనిసరి. ఇంట్లో గుడ్డు పెంకులు వాడాలంటే ఉడికించి, ఎండబెట్టి, నలిపి వేయండి. నలపకుండా వేస్తే గుడ్లు పొడుచుకు తినే అలవాటు రావచ్చు.

తడిపిన సున్నం వేయొద్దు, అది నోటిని కాలుస్తుంది.

సహజ దినుసులు: ఏది ఎందుకు

పసుపు కిలో మేతకు 5 గ్రాములు. పేగులకు మంచిదని వాడతారు, జబ్బు తగ్గించే మందు కాదు. సొన రంగు కోసం పసుపు మీద ఆధారపడొద్దు, దానికి బంతిపూలు ఉన్నాయి. ఎండిన బంతి రేకుల పొడి కిలోకు 5 నుంచి 10 గ్రాములు కలిపితే పది రోజుల్లో సొన ముదురుతుంది. పండగలకు వాడి పారేసిన బంతి దండలు కడిగి, నీడలో ఎండబెట్టి దాచుకోవచ్చు. రంగులు, మందులు చల్లినవి తీసేయండి. సొన ముదురు రంగు అంటే ఎక్కువ పోషణ అని కాదు, అది పసుపు రంగు పదార్థాల లెక్క మాత్రమే. నూకలు తినే పెట్ట సొన తెల్లగా ఉండేది అందుకే.

వెల్లుల్లి ఎండబెట్టిన పొడి కిలోకు 5 గ్రాములు చాలు. ఎక్కువ వేస్తే గుడ్డుకు వాసన వస్తుంది. దీనితో నులిపురుగులు పోతాయని నమ్మి పురుగు మందు మానేయొద్దు. పచ్చి వేపాకు రోజూ ఎక్కువగా పెడితే గుడ్లు తగ్గుతాయి. ఉసిరి పొడి, మజ్జిగ వేసవిలో ఉపయోగం. ఎండ మండే రోజున పల్చటి, ఉప్పు లేని మజ్జిగ మధ్యాహ్నం ఒక పూట ఇవ్వొచ్చు, మిగతా పూటలు మంచినీళ్లే.

మన తరవాణి కుండ కూడా ఇందులో చెప్పుకోవాలి. ఉప్పు వేయకుండా తీసిన పులిసిన తరవాణితో మేత తడిపి పెడితే కోళ్లు ఇష్టంగా తింటాయి, పిండి ఎగిరిపోదు. అరగంటలో తినేంతే తడపండి. మిగిలింది తీసేయండి. పైన తెల్లటి, నల్లటి బూజు కట్టిన కుండ అయితే పారబోయడమే.

మునగాకు ఆకు రూపంలో ప్రోటీన్, కాల్షియం, విటమిన్ ఎ ఇస్తుంది. ఎండిన ఆకులో ప్రోటీన్ 25 శాతం దాకా ఉంటుంది. నీడలో ఆరబెట్టాలి, ఎండలో వేస్తే విటమిన్ పోతుంది. మేతలో 5 శాతం మించితే తినడం తగ్గిస్తాయి.

అజోల్లా, చెదలు, పురుగులు

నీటి మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క అజోల్లా గురించి గొప్పగా చెబుతారు. ఎండిన అజోల్లాలో 20 నుంచి 25 శాతం ప్రోటీన్ ఉన్న మాట నిజం. కానీ మీరు తొట్టిలో నుంచి తీసే తడి అజోల్లాలో 93, 94 శాతం నీరు. వంద గ్రాముల పచ్చి అజోల్లా అంటే ఒకటిన్నర గ్రాముల ప్రోటీన్. పెట్టకు కావలసినదానిలో పదో వంతు కూడా కాదు. అందుకని అది ప్రోటీన్ మేత కాదు, పచ్చి మేత. సొన రంగుకు, విటమిన్లకు మంచిది. పెంచేవాళ్లు నీడ పడే చోట, సిల్పాలిన్ (ప్లాస్టిక్ పట్టా) పరిచి, పది సెంటీమీటర్ల నీటిలో జల్లించిన మట్టి, కొద్దిగా పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి పెంచండి. కోసిన తర్వాత మంచినీళ్లలో కడిగి పెట్టండి, లేకపోతే పేడ వాసనకు కోళ్లు ముట్టవు.

చెదలు మాత్రం నిజమైన ప్రోటీన్. పాత కుండలో ఎండు పేడ, తడి గడ్డి, కొబ్బరి పీచు నింపి, చెదలు తిరిగే చోట సాయంత్రం బోర్లించి, పైన గోనె కప్పండి. పొద్దున్నకి కుండ లోపల చెదలు పట్టి ఉంటాయి. కోళ్ల ముందు దులపండి. గుడ్డు పెట్టే పెట్టలకంటే చిన్న పిల్లలకు ఇది మరీ మేలు. పురుగు మందు కొట్టిన తోటలో కుండ పెట్టొద్దు.

కాలం బట్టి మార్చుకోవడం

తొలకరి నుంచి వానలు ఆగేదాకా గట్లపైన పురుగులు, పచ్చిక పుష్కలంగా ఉంటాయి. అప్పుడు తిరిగే పెట్టకు చేత్తో వేసే చేప కొంచెం తగ్గించొచ్చు. నవంబర్, డిసెంబర్‌లో కళ్లాల దగ్గర ధాన్యం ఎక్కువ, ప్రోటీన్ తక్కువ. పైగా ఈకలు రాల్చే రోజులు. ఈక అంటే దాదాపు పూర్తిగా ప్రోటీనే, కాబట్టి గుడ్లు లేని ఆ రోజుల్లోనే మేత మంచిగా పెట్టాలి. డిసెంబర్‌లో పగలు 11 గంటలే ఉంటుంది. గుడ్లకు 14 నుంచి 16 గంటల వెలుగు కావాలి, కోళ్ల గూటిలో చిన్న బల్బు వేసి పొద్దున్న తెల్లవారకముందే వెలిగిస్తే లోటు తీరుతుంది. మాగాణుల్లో మినుము, పెసర నూర్చే రోజుల్లో పప్పు నూక, పొట్టు తెచ్చి పెట్టుకోవచ్చు, పొట్టులో పీచు ఎక్కువ కాబట్టి కొద్దిగానే.

ఏప్రిల్, మే నెలల్లో కోడి తిండి తగ్గిస్తుంది. తక్కువ తింటుంది కాబట్టి తిన్నదానిలో ప్రోటీన్ ఎక్కువ ఉండాలి. అప్పుడు 16.75ను 17.5, 18కి తీసుకెళ్లండి, మొక్కజొన్న తగ్గించి సోయా పెంచండి. మేత తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాకే వేయండి. పెట్ట తిన్న మేతకు రెట్టింపు బరువు నీళ్లు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. మట్టి తొట్టిలో, నీడలో, రోజుకు రెండుసార్లు మార్చిన నీళ్లు ఇవ్వండి.

నిల్వకు అక్టోబర్ అంటే భయం ఉండాలి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్లు రెండూ అక్టోబర్‌లోనే వచ్చాయి. గోతాలు నేల మీద కాకుండా చెక్క బల్ల మీద, గోడకు దూరంగా ఉంచండి. మొక్కజొన్నలో తేమ 12 శాతం కంటే తక్కువ ఉండేలా ఆరబెట్టండి. గింజ పంటి కింద కటుక్కుమనాలి. వానకు తడిసి వేడెక్కిన గోతాన్ని ఎండబెట్టి వాడుకుందామనుకోవద్దు.

మార్చేటప్పుడు, మార్చాక

ఒక్క రోజులో మేత మార్చొద్దు. మొదటి మూడు రోజులు పాతదానిలో పావు వంతు కొత్తది, తర్వాత సగం, తర్వాత ముప్పావు, వారం పది రోజుల్లో పూర్తిగా. గుడ్ల సంఖ్య మారడానికి మూడు వారాలు పడుతుంది, తొందరపడి ఆపేయొద్దు. గోడ మీద కాగితం అంటించి రోజూ ఎన్ని గుడ్లు, తోలుగుడ్లు ఎన్ని అని రాసుకోండి. పెంకు బాగుపడి గుడ్లు పెరగకపోతే ప్రోటీన్ ఇంకా తక్కువ ఉందన్న మాట. గుడ్లు పెరిగి పెంకు పలుచనైతే గుల్ల చిప్ప ఖాళీగా ఉందేమో చూడండి.

మేత సరిగానే ఉండి గుడ్లు ఒక్కసారిగా ఆగిపోతే, రెట్ట ఆకుపచ్చగా ఉంటే, మెడ వంకరపోతే అది మేత సమస్య కాదు. కొక్కెర తెగులు కావచ్చు, టీకా వేయించారో లేదో చూసుకోండి. కోడి చనిపోతే పూడ్చేయకుండా మీ మండల పశువైద్యశాలకు వెంటనే చెప్పండి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. మీరు కలిపిన పాళ్లు కాగితం మీద రాసుకుని, మేత గుప్పెడు సంచిలో వేసుకుని వెళితే, ఎక్కడ ఏది పెంచాలో వాళ్లతో కూర్చుని మాట్లాడొచ్చు.